గ్రాంప్స్‌లో ఫొటోలతో కూడిన బ్యాకప్ మధ్యలో ఆగిపోతోంది: వంశవృక్షాన్ని భద్రపరచడంలో సహాయం కావాలి

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా తాతగారి తరం దాకా కొంత నోటిమాటగా, కొంత ఒక పాత లెడ్జరు పుస్తకంలో రాతగా ఉన్న మా వంశ వివరాలను కొన్నేళ్ళుగా గ్రాంప్స్ అనే వంశవృక్ష సాఫ్ట్‌వేరులో ఎక్కిస్తున్నాను. నాలుగు శాఖల వారు, ఆడపడుచుల కుటుంబాలు, దత్తత వెళ్ళినవారు, మేనరికాల వల్ల రెండు వైపులా కనిపించే దంపతులు అందరూ ఇప్పుడు అందులో ఉన్నారు. వారి ఫొటోలు, శుభలేఖలు, దస్తావేజుల స్కాన్లు కూడా జత చేశాను. ఇందులో సమాచారం చెప్పిన పెద్దవారిలో పలువురు ఇప్పుడు లేరు కనుక, ఈ కంప్యూటరు పాడైతే మళ్ళీ అడిగి రాసుకోవడానికి మనుషులే లేరన్న భయం నన్ను వెంటాడుతోంది.

నా దగ్గర విండోస్ 10, గ్రాంప్స్ 5.2 ఉన్నాయి. ‘ఫ్యామిలీ ట్రీస్’ మెనూలోని ‘మేక్ బ్యాకప్’ ద్వారా 32 జీబీ పెన్ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీస్తున్నాను. మీడియా (అంటే జత చేసిన ఫొటోలు, స్కాన్లు) వద్దని ఎంచుకుంటే క్షణాల్లో పూర్తవుతుంది. మీడియా కావాలని ఎంచుకుంటే చాలాసేపు నడిచి, ఫైలు రాయలేకపోయినట్టు సందేశం ఇచ్చి ఆగిపోతుంది. పెన్ డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీ ఉంది. వేరే పెన్ డ్రైవ్ పెట్టి చూసినా ఇదే వరస. కారణం ఏమై ఉంటుందో తెలిసినవారు చెప్పగలరని మనవి.

శుభలేఖల_సేకర్త

గౌతమీతీరం గారూ, డేటాబేసులో ఏదో ఒక రికార్డు చెడిపోయి ఉండవచ్చు. ‘టూల్స్’లో ‘చెక్ అండ్ రిపేర్ డేటాబేస్’ అనే పనిముట్టు ఉంది. దాన్ని ఒకసారి నడిపి, అది చెప్పినవన్నీ సరిచేయనిచ్చి, మళ్ళీ ప్రయత్నించండి.

పాత_దస్త్రం (హైదరాబాద్)

గౌతమీతీరం గారూ, ఆ పనిముట్టు మంచిదే, కానీ దయచేసి ఇప్పుడే దాన్ని నడపకండి. జతచేసిన ఫొటో ఫైలు చెప్పిన చోట కనబడకపోతే అది మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: ఆ జతను తొలగించమంటారా, అలాగే ఉంచమంటారా, వేరే ఫైలు చూపిస్తారా అని. తొందరలో తొలగించమని నొక్కితే, ఆ ఫొటో ఎవరిదో, ఎప్పటిదో మీరు రాసుకున్న వివరాలతో సహా ఆ జత పోతుంది. ఫైలు డిస్కులో మరో ఫోల్డరులో క్షేమంగానే ఉన్నా ఫలితం ఇదే. ఏ మరమ్మతుకైనా ముందు, మీడియా లేని బ్యాకప్ ఎలాగూ పూర్తవుతోంది కనుక, దాన్ని ఈ రోజే తీసి రెండు చోట్ల ఉంచండి. పేర్లు, బంధుత్వాలు, తేదీలు, మీరు రాసుకున్న గమనికలు అన్నీ అందులో వస్తాయి. సగం పని అక్కడే భద్రమవుతుంది.

మీడియా లేని బ్యాకప్ సాఫీగా పూర్తవుతోందంటే డేటాబేసు చెడిందనే అనుమానానికి బలం తక్కువ. నాకు రెండు విషయాలు కావాలి. పెన్ డ్రైవ్‌లో మధ్యలో ఆగిన ఫైలు మిగిలి ఉంటే, దాని మీద మౌస్ కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లో పరిమాణం చూసి చెప్పండి. అలాగే పెన్ డ్రైవ్ ‘ప్రాపర్టీస్’లో ‘ఫైల్ సిస్టమ్’ (డిస్కులో ఫైళ్ళను అమర్చే పద్ధతి) అన్నచోట ఏమని ఉందో చూడండి.

గౌతమీతీరం

పాత_దస్త్రం గారూ, ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు మీడియా లేని బ్యాకప్ తీసి, ఒక ప్రతి మా అమ్మాయికి పంపాను. ఆగిపోయిన ఫైలు అక్కడే ఉంది. పరిమాణం 4 జీబీకి కొంచెం తక్కువగా చూపిస్తోంది. ‘ఫైల్ సిస్టమ్’ అన్నచోట ఫ్యాట్32 అని ఉంది. రెండో పెన్ డ్రైవ్‌లోనూ అదే ఉంది.

పాత_దస్త్రం

కారణం అదే. ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు పరిమాణాన్ని రాసుకోవడానికి 32 బిట్ల స్థలమే ఉంటుంది. కాబట్టి డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా, ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి చేరుకోలేదు. కచ్చితంగా చెప్పాలంటే 4,294,967,295 బైట్ల దగ్గర ఆగిపోతుంది. గ్రాంప్స్ మీడియాతో కలిపి బ్యాకప్ తీసినప్పుడు ఫొటోలన్నింటినీ విడివిడిగా కాపీ చేయదు. వంశవృక్షపు డేటాను, ఫొటోలను కలిపి జీపీకేజీ అనే ఒకే ఫైలుగా మూట కడుతుంది. మీ ఫొటోలు, స్కాన్ల మొత్తం ఆ హద్దు దాటగానే రాయడం ఆగిపోతోంది. కొన్నాళ్ళ క్రితం వరకు ఇదే పెన్ డ్రైవ్‌లో బ్యాకప్ వచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు, అప్పటికి మీ సేకరణ అంత పెరగలేదు.

పెన్ డ్రైవ్‌లో ఉన్నవన్నీ వేరే చోటికి కాపీ చేసుకుని, దాన్ని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులోని ఫైళ్ళు పోతాయి కనుక ముందు కాపీ తప్పనిసరి. ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా ఈ హద్దును తొలగిస్తుంది, కానీ మ్యాక్ కంప్యూటర్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కును చదవగలవే తప్ప మామూలుగా దాని మీద రాయలేవు. కుటుంబంలో నలుగురి చేతుల్లో తిరిగే పెన్ డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ నయం. లినక్స్‌కు కూడా 2019లో వచ్చిన 5.4 కెర్నెల్ నుంచి దాని మద్దతు లోపలే ఉంది.

గౌతమీతీరం

ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చాక బ్యాకప్ చివరిదాకా నడిచి పూర్తయింది. ఎంతో ఊరట కలిగింది. అయితే ఒక చిన్న సందేహం మిగిలింది. నా ఫొటోలు, స్కాన్లు అన్నీ కలిపి 7 జీబీ దాటుతాయి. తయారైన జీపీకేజీ ఫైలు మాత్రం 5 జీబీ లోపే ఉంది. మూట కట్టేటప్పుడు కుదించడం వల్ల తగ్గిందని అనుకోవచ్చా?

మానుకోట_లినక్స్ (మహబూబాబాద్)

గౌతమీతీరం గారూ, మీకు కలిగిన సందేహం చాలా విలువైనది. దాన్ని వదిలేయకండి. మీ ఫొటోలు జేపెగ్ ఫైళ్ళే అయితే అవి ముందే కుదించి ఉంటాయి. మళ్ళీ మూట కట్టినంత మాత్రాన చెప్పుకోదగ్గంత తగ్గవు. రెండు జీబీల తేడా వచ్చిందంటే కొన్ని ఫైళ్ళు ఆ మూటలోకి ఎక్కనే లేదని అర్థం. బ్యాకప్ కట్టే సమయంలో ఒక ఫొటో దాని దారిలో (గ్రాంప్స్‌లో నమోదైన ఫైలు చిరునామాలో) కనబడకపోతే గ్రాంప్స్ దాన్ని పక్కనబెట్టి తర్వాతిదానికి వెళ్తుంది. పని పూర్తయిందన్న సందేశం మామూలుగానే వస్తుంది. నా దృష్టిలో, మధ్యలో ఆగిపోయే బ్యాకప్ కంటే ఇది ప్రమాదకరమైనది. ఆగిపోయినది కనీసం మనల్ని హెచ్చరిస్తుంది.

ఏవి రాలేదో తెలుసుకోవడం సులువే. ‘రిపోర్ట్స్’లో ‘డేటాబేస్ సమ్మరీ రిపోర్ట్’ తీయండి. అందులో వ్యక్తులు ఎందరు, కుటుంబాలు ఎన్ని, మీడియా వస్తువులు ఎన్ని, వాటి మొత్తం పరిమాణం ఎంత అన్న లెక్కతో పాటు, దొరకని మీడియా ఫైళ్ళ జాబితా విడిగా వస్తుంది. ఆ జాబితాలో దారులు ఏ అక్షరంతో మొదలవుతున్నాయో చూడండి. చాలామంది ఇళ్ళలో జరిగేదేమిటంటే, కొన్ని ఫొటోలను బయటి హార్డ్ డిస్కు నుంచి నేరుగా జత చేస్తారు. ఆ రోజు ఆ డిస్కుకు విండోస్ ‘ఇ’ అనే అక్షరం ఇస్తుంది. మరో రోజు ముందుగా వేరే పెన్ డ్రైవ్ పెట్టి ఉంటే అదే డిస్కు ‘ఎఫ్’ అవుతుంది. గ్రాంప్స్ మాత్రం ‘ఇ’ డ్రైవులోనే వెతుకుతూ ఉంటుంది.

గౌతమీతీరం

రిపోర్టు తీశాను. మీరు ఊహించింది అక్షరాలా నిజం. దొరకని ఫైళ్ళలో ఎక్కువ భాగం ‘ఇ’ డ్రైవుతో మొదలవుతున్నాయి. అవన్నీ కాకినాడలో మా పెద్దత్తయ్యగారి ఇంట్లో ఆల్బమ్‌లు స్కాన్ చేసినప్పటివి. ఆ హార్డ్ డిస్కు ఇప్పటికీ నా దగ్గరే బీరువాలో ఉంది. జాబితాలో ‘సి’ డ్రైవువి కూడా కొన్ని ఉన్నాయి. వాటి సంగతి ఏమిటో అర్థం కాలేదు.

మానుకోట_లినక్స్

ముందు ‘ఇ’ డ్రైవువి చూద్దాం. హార్డ్ డిస్కులోని ఫొటోలను కంప్యూటరులో మీ వంశవృక్షపు ఫొటోలు ఉన్న ప్రధాన ఫోల్డరులోకి, ఉప ఫోల్డర్ల అమరిక చెదరకుండా కాపీ చేయండి. హార్డ్ డిస్కులోని మూలాలను చెరపవద్దు. తర్వాత గ్రాంప్స్ ‘ప్రిఫరెన్సెస్’లో ‘బేస్ మీడియా పాత్’ అన్నచోట ఆ ప్రధాన ఫోల్డరును చూపించండి. ఆపైన ‘టూల్స్’లోని ‘మీడియా మేనేజర్’ తెరిస్తే, దారిలోని ఒక భాగాన్ని మరో భాగంతో మార్చే సదుపాయం ఉంటుంది. దానితో పాత ‘ఇ’ డ్రైవు దారులన్నింటినీ కొత్త ఫోల్డరు దారిగా ఒకేసారి మార్చవచ్చు. చివరగా అదే పనిముట్టులో పూర్తి దారులను సాపేక్ష దారులుగా మార్చే అవకాశం ఉంది, దాన్ని తప్పక వాడండి. అప్పటి నుంచి ప్రతి ఫొటో చిరునామా ఆ ప్రధాన ఫోల్డరు నుంచి లెక్క మొదలుపెడుతుంది. డ్రైవు అక్షరం మారినా, కంప్యూటరే మారినా, ఆ ఒక్క ఫోల్డరును మళ్ళీ చూపిస్తే సరిపోతుంది.

‘సి’ డ్రైవువి బహుశా గ్రాంప్స్‌లో జత చేశాక మీరు బయట ఫోల్డరులో పేరు మార్చినవో, చోటు మార్చినవో అయి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా తెరిచి కొత్త ఫైలు చూపించడం తప్ప దగ్గరి దారి లేదు.

శుభలేఖల_సేకర్త

ఇంత శ్రమ ఎందుకన్నది నా సందేహం. ‘ఎక్స్‌పోర్ట్’లో జెడ్‌కామ్ ఫైలు తీసి దాచుకుంటే చాలదా? ప్రపంచంలోని వంశవృక్ష సాఫ్ట్‌వేర్లన్నీ దాన్ని చదువుతాయి కదా. ఫొటోల ఫోల్డరును విడిగా కాపీ చేసుకుంటే సరిపోతుందని నా అభిప్రాయం.

ప్రవాసి_డల్లాస్

శుభలేఖల_సేకర్త గారూ, జెడ్‌కామ్ ఒక ప్రతి ఉండటం మంచిదే. ఇరవై ఏళ్ళ తర్వాత ఏ సాఫ్ట్‌వేరు ఉంటుందో తెలియదు కనుక నేనూ ఉంచుకుంటాను. కానీ దాన్ని బ్యాకప్‌గా నమ్ముకోవడం మాత్రం సరికాదు. అది ఒక సాఫ్ట్‌వేరు నుంచి మరొకదానికి సమాచారం చేరవేయడానికి పుట్టిన పద్ధతి. రెండు వైపులా ఉమ్మడిగా ఉన్నదే అందులో ప్రయాణిస్తుంది. గ్రాంప్స్‌లో సహజంగా ఉన్న ఎగుమతి జెడ్‌కామ్ 5.5.1 పద్ధతిది; అందులో ఫొటోల చిరునామాలు ఉంటాయే తప్ప ఫొటోలు ఉండవు.

మన తెలుగు కుటుంబాలకు ఇందులో పెద్ద నష్టం ఊళ్ళ దగ్గర జరుగుతుంది. అమలాపురం దగ్గరి ఒక ఊరినే తీసుకోండి. 1953కు ముందు అది మద్రాసు రాష్ట్రంలో ఉంది, ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రంలో, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2022 ఏప్రిల్ దాకా తూర్పు గోదావరి జిల్లాలో, ఇప్పుడు కోనసీమ జిల్లాలో. గ్రాంప్స్‌లో ఊరిని ఒక్కసారే రాసి, ఏ కాలంలో అది ఏ జిల్లా కింద, ఏ రాష్ట్రం కింద ఉందో తేదీలతో సహా చెప్పవచ్చు. తెలంగాణ ఊళ్ళకూ హైదరాబాద్ సంస్థానం నుంచి 2014 దాకా ఇలాగే రాసుకోవచ్చు. జెడ్‌కామ్‌లోకి వెళ్ళగానే ఈ అంతస్తుల అమరిక అంతా కామాలతో కూడిన ఒక్క వరుసగా మారిపోతుంది. తిరిగి తెచ్చుకున్నప్పుడు ఆ అమరిక రాదు. ఒకే పెళ్ళికి పౌరోహిత్యం చేసినవారు, సాక్షులు, మధ్యవర్తులు అంటూ మీరు కలిపిన పాత్రలు, రంగు ట్యాగులు కూడా దారిలో జారిపోతాయి.

ఇక లిపి సంగతి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లు జెడ్‌కామ్‌ను ఆన్‌సెల్ అనే పాత అక్షర పద్ధతిలో రాస్తాయి. అందులో తెలుగుకు చోటే లేదు, పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మిగులుతాయి. అన్ని లిపులకూ చోటున్న యూటీఎఫ్-8 పద్ధతిలో రాసినా ఒక ఇబ్బంది ఉంది. 5.5.1లో పొడవాటి గమనికలను 255 అక్షరాల లోపు ముక్కలుగా కోసి రాయాలి. అక్షరాలకు బదులు బైట్లు లెక్కపెట్టే సాఫ్ట్‌వేరు అయితే తెలుగు అక్షరం నడుమ కోత పడి, ఆ చోట చెత్త గుర్తులు వస్తాయి. 2021లో వచ్చిన 7.0 పద్ధతి యూటీఎఫ్-8ను తప్పనిసరి చేసి, ఆ ముక్కలు కోసే నియమాన్ని తీసేసింది. ఫొటోలతో కలిపి మూట కట్టే జెడ్‌జిప్ కూడా అందులోనే వచ్చింది. అన్ని సాఫ్ట్‌వేర్లూ దానికి మారేదాకా, బ్యాకప్ అంటే గ్రాంప్స్ సొంత పద్ధతిలోదే.

శుభలేఖల_సేకర్త

ఊళ్ళ విషయం నాకు తట్టలేదు. వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. నేనూ ఈ వారమే జీపీకేజీ తీసుకుంటాను.

గౌతమీతీరం

‘ఇ’ డ్రైవు ఫొటోలన్నీ చోటు చేరాయి, సాపేక్ష దారులుగానూ మారాయి. ‘సి’ డ్రైవు ఫైళ్ళను ఒక్కొక్కటిగా చూపించాను. కొత్త జీపీకేజీ 7 జీబీ దాటి వచ్చింది. అయితే దాన్ని బెంగళూరులో ఉండే మా అబ్బాయికి పంపితే, అతని ఉబుంటు (లినక్స్) కంప్యూటరులో తెరిచేటప్పుడు కొన్ని ఫొటోల దగ్గర ఫైలు పేరు మరీ పొడవుగా ఉందన్న సందేశం వచ్చి ఆగిపోయింది. అదే మూట నా విండోస్‌లో 7-జిప్‌తో తెరిస్తే అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. ఫొటోకు ఎవరెవరు ఉన్నారో తెలియాలని నేను ఫైలు పేరులోనే వరసగా అందరి పేర్లూ తెలుగులో రాస్తాను. దానికి, దీనికి సంబంధం ఉందా?

మానుకోట_లినక్స్

తప్పక ఉంది. ఇది తెలుగులో పేర్లు పెట్టుకునే మనలాంటివారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫైలు పేరు హద్దు 255 అక్షర సంకేతాలు. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4లో ఆ హద్దు 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు కనుక వాళ్ళకు తేడా తెలియదు. తెలుగులో ప్రతి సంకేతానికీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి, పైగా గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. ‘లక్ష్మి’ అనే పేరు కంటికి రెండే అక్షరాలు; కంప్యూటరు లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు సంకేతాలు, 21 బైట్లు. ఈ లెక్కన లినక్స్‌లో తెలుగు ఫైలు పేరుకు 85 సంకేతాలే గరిష్ఠం. ఆరేడుగురి పేర్లు ఇంటిపేర్లతో సహా రాస్తే సులువుగా దాటిపోతుంది.

ఫైళ్ళకు చిన్న పేర్లు పెట్టండి: శాఖ, సంవత్సరం, వరుస సంఖ్య చాలు. ఫొటోలో ఎవరెవరు ఉన్నారన్నది గ్రాంప్స్‌లో ఆ మీడియా వస్తువు వివరణలో, గమనికలో రాయండి. ఫొటోలో ఒక్కొక్క ముఖం చుట్టూ గడి గీసి ఆ వ్యక్తికి కలిపే వీలు కూడా ఉంది. అది ఫైలు పేరు కంటే ఎంతో పదిలం. పేరు మార్చిన ప్రతిసారీ గ్రాంప్స్‌లో ఆ వస్తువుకు కొత్త ఫైలును చూపించడం మరవకండి, లేకపోతే మళ్ళీ దొరకని ఫైళ్ళ జాబితా మొదలవుతుంది.

పాకాల_మేనకోడలు

ఈ చర్చను మొదటి నుంచి శ్రద్ధగా చదువుతున్నాను. నా ప్రశ్న కూడా దీనికి దగ్గరిదే. నేను గ్రాంప్స్ డేటాబేసు ఫోల్డరునే ఒక క్లౌడ్ సింక్ ఫోల్డరులో పెట్టుకున్నాను. ఇంట్లో, ఆఫీసులో రెండు కంప్యూటర్లలోనూ తెరుస్తాను. ఇది బ్యాకప్‌గా పనికిరాదా? ఈ మధ్య తెరిచినప్పుడు వంశవృక్షానికి తాళం పడి ఉందన్న సందేశం వస్తోంది.

పాత_దస్త్రం

పాకాల_మేనకోడలు గారూ, అది బ్యాకప్ కాదు, పైగా అపాయం. గ్రాంప్స్ డేటాబేసు ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు. మీరు పనిచేస్తుండగా అది ఆ ఫైలుతో పాటు ఒక జర్నల్ ఫైలును (మార్పుల తాత్కాలిక చిట్టాను) కూడా వాడుతుంది. సింక్ చేసే సాఫ్ట్‌వేరుకు ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడినవని తెలియదు. రాత నడుస్తుండగా ఒకదాన్ని మాత్రమే పైకి ఎక్కించవచ్చు. అలా ఎక్కింది అవతలి కంప్యూటరులోకి దిగితే చెడిన డేటాబేసే చేతికి వస్తుంది. మీరు పొరపాటున ఒక కుటుంబాన్ని తొలగించినా, ఆ తొలగింపు కూడా అంతే వేగంగా రెండు చోట్లకూ చేరుతుంది.

మీరు చూస్తున్న తాళం ఒక చిన్న ఫైలు. ఒక కంప్యూటరులో వంశవృక్షం తెరిచి ఉందని రెండోదానికి చెప్పడానికే అది పుట్టింది. ముందు రెండు చోట్లా గ్రాంప్స్ మూసి ఉందని నిర్ధారించుకున్నాకే తాళం తీయండి. ఆపైన డేటాబేసు ఫోల్డరును సింక్ బయటికి తెచ్చి, తీసిన బ్యాకప్ ఫైళ్ళను మాత్రమే సింక్ ఫోల్డరులో పెట్టండి. ‘ప్రిఫరెన్సెస్’లో గ్రాంప్స్ మూసేటప్పుడు దానంతట అదే బ్యాకప్ తీసే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని పెట్టుకోండి. అందులో ఫొటోలు రావు కనుక, పూర్తి జీపీకేజీని మాత్రం విడిగా మీరే తీసుకోవాలి.

గౌతమీతీరం

పొడవాటి పేర్లన్నీ మార్చి, కొత్త మూట పంపాను. ఈసారి మా అబ్బాయి దగ్గర ఆగకుండా తెరుచుకుంది. ఇక నిశ్చింతగా ఉండవచ్చా, లేక ఇంకా చూడవలసినది ఏమైనా ఉందా?

పాత_దస్త్రం

ఒకటి ఉంది, అన్నింటికంటే ముఖ్యమైనది. మీ అబ్బాయిని గ్రాంప్స్‌లో కొత్తగా ఒక ఖాళీ వంశవృక్షం సృష్టించి, అందులోకి ఈ జీపీకేజీని దిగుమతి చేయమనండి. ఇప్పటికే వివరాలున్న వంశవృక్షంలోకి మాత్రం ఎట్టిపరిస్థితిలోనూ దిగుమతి చేయకూడదు. ప్రతి వ్యక్తీ రెండుసార్లు చేరతారు. మేనరికాలున్న వంశంలో ఎవరు ఎవరి ప్రతిరూపమో విడదీయడం నరకం. అతని గ్రాంప్స్ వెర్షను మీది లేదా అంతకంటే కొత్తది అయి ఉండాలి, ఎందుకంటే కొత్త వెర్షనులో తీసిన బ్యాకప్‌ను పాత వెర్షను తీసుకోదు. దిగుమతి అయ్యాక అక్కడ ఒక సమ్మరీ రిపోర్టు తీసి, మీ కంప్యూటరులోని రిపోర్టు పక్కన పెట్టి, వ్యక్తుల సంఖ్య, కుటుంబాల సంఖ్య, మీడియా సంఖ్య, మొత్తం పరిమాణం ఒక్కొక్కటే పోల్చండి. తర్వాత ఏ శాఖ నుంచైనా ఒకరిని తీసుకుని, వారి గమనికలు, ఊరు, ఫొటో తెరిచి చూడండి. అది తెరుచుకున్నాకే దాన్ని నేను బ్యాకప్ అని ఒప్పుకుంటాను.

గౌతమీతీరం

అంతా మీరు చెప్పినట్టే చేశాము. మా అబ్బాయి ఫోనులో తన రిపోర్టు చదువుతుంటే నేను ఇక్కడ నాది చూసుకున్నాను. వ్యక్తులు, కుటుంబాలు, మీడియా సంఖ్య, అన్నీ సరిపోయాయి. కోనసీమ శాఖలో మా ముత్తాతగారి పేజీ తెరిపించాను. దత్తత దస్తావేజు స్కాన్ కూడా స్పష్టంగా కనిపించిందని చెప్పాడు. ఒక పెన్ డ్రైవ్ మా ఇంట్లో, ఒకటి విశాఖపట్నంలో మా తమ్ముడి దగ్గర, ఒక ప్రతి మా అబ్బాయి కంప్యూటరులో ఉంచుతున్నాము. మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

దొరకని జాబితాలో రెండు ఫొటోలు మాత్రం మిగిలాయి. వాటి ఫైళ్ళు ఏ డిస్కులోనూ లేవు. అసలు ఫొటోలు మాత్రం కాకినాడ ఆల్బమ్‌లో ఉన్నాయని పెద్దత్తయ్యగారు చెప్పారు. వాటిని కొత్తగా జత చేయాలా?

మానుకోట_లినక్స్

అవసరం లేదు. మీరు ఆ జతలను తొలగించలేదు కనుక వివరణ, గమనిక, ఎవరికి కలిపారో ఆ బంధాలు అన్నీ అలాగే ఉన్నాయి. కాకినాడలో మళ్ళీ స్కాన్ చేశాక, రిపోర్టులో కనిపిస్తున్న అదే పేరుతో అదే ఫోల్డరులో ఆ ఫైళ్ళను పెట్టండి. గ్రాంప్స్ వాటిని వెంటనే గుర్తిస్తుంది. ఆల్బమ్ నుంచి ఫొటో తీసినప్పుడు వెనుకవైపు ఏమైనా రాసి ఉంటే దాన్ని కూడా స్కాన్ చేసి, అదే వ్యక్తికి రెండో మీడియాగా కలిపి, ఆ తర్వాత జీపీకేజీ మళ్ళీ తీయండి.